నిన్న ఇంధనం, నేడు ఇంజన్

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దవాళ్ళ చేతిలో ఉంది కాబట్టి పెద్దదనిపించుకున్న అడవిలో, శార్దూల రథశాల అనే బండ్ల కర్మాగారం ఉండేది. దాని యజమాని వీరశార్దూలం అనే పులి. రథశాల తాత కట్టాడు. పేరు తండ్రి తెచ్చాడు. వీరశార్దూలానికి మీసాలు దువ్వుకోవడం మిగిలింది.

అక్కడ తయారయ్యే బండ్లలో మకుటం లాంటిది స్పోర్ట్స్ సెడాన్. నాలుగు తలుపులు, వెనక పెళ్ళాం పిల్లలకి వెడల్పాటి సీటు, అత్తగారు వస్తే కాళ్ళు చాపుకునేంత చోటు. నిలబడి ఉన్నప్పుడు పెళ్ళికి బయల్దేరిన పెద్దమనిషిలా ఉంటుంది. ముందు మాత్రం ఎనిమిది చిరుతలు కట్టి ఉంటాయి. పగ్గం వదిలితే పెద్దమనిషి కాస్తా పంచె ఎగ్గట్టి రౌడీ అయిపోతాడు. కుటుంబం ఉన్నవాడికి కూడా రౌడీతనం కావాలని కనిపెట్టడమే ఆ రథశాల గొప్పతనం.

సీట్లకి మెత్తటి తోలు వేసేవారు. ఎవరి తోలని అడగడం మర్యాద కాదు.

చిరుతలు ఊరికే లాగవు. వాటికి మాంసం కావాలి. అడవిలో మాంసమంటే జింకలు. అందుకని ప్రతి మందా వంతుల వారీగా ఒక జింకని రథశాలకి పంపాలని అడవి సభ తీర్మానించింది. దానికి 'ఇంధన వంతు' అని పేరు పెట్టింది. చావు అంటే ఏడుపు వస్తుంది. ఇంధనం అంటే అభివృద్ధి గుర్తొస్తుంది. మాట మార్చడం చేతనైనవాడికే రాజ్యం దక్కుతుంది.

ఆ బండికి బ్రేకు లేదు. తోలేవాడి పక్కన ఒక మాంసం బుట్ట వేలాడుతూ ఉండేది. ఆగాలంటే అందులోంచి ఒక ముక్క తీసి ముందుకి విసరాలి. చిరుతలు దాని మీద పడి కొట్టుకుంటూ ఆగిపోతాయి. తాతల కాలం నుంచి అదే పద్ధతి. ఇంతకన్నా మంచి బ్రేకు కనిపెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆగడం కోసం ఆ బండి కొనేవాడు ఎవడూ లేడు మరి.

వేగం కన్నా కొనేవాళ్ళకి ముద్దొచ్చేది గర్జన. ఎనిమిది గొంతులూ ఒక్కసారి లేస్తే దారిలో ఎవరున్నా పక్కకి తప్పుకోవాల్సిందే. అది చట్టం కాదు. చట్టం కన్నా గట్టిది, అలవాటు. మామూలు జంతువు పొలిమేర దాటబోతే అక్కడ కావలి ఉండే రేచుకుక్కలు తోక నుంచి చెవి దాకా సోదా చేసేవి. అదే గర్జన వినపడితే దూరం నుంచే గేటు తీసి సలాం కొట్టేవి. లోపల ఎవరున్నారో చూసేవి కావు. చూడటం తప్పని వాటికి శిక్షణలో నేర్పారు.

ఇలా జరుగుతుండగా అడవిలో జింకలు తగ్గాయి. సభ్యుల విస్తళ్ళలో ముక్కలు చిన్నవయ్యాయి. బండ్లకే అంతా పోతే మన భోజనాల మాటేమిటని సభ కలవరపడింది. వచ్చే వానాకాలం నుంచి మాంసం మీద నడిచే బండ్లు నిషేధమని తీర్మానించింది. తీర్మానానికి 'జింకల సంరక్షణ విధానం' అని పేరు పెట్టి, తమ దయకి తామే కళ్ళు తుడుచుకుని, అందరూ విందుకి కూర్చున్నారు. విందులో జింక మాంసమే వడ్డించారు.

వార్త జింకల మందకి చేరింది. కెరటం అనే కుర్ర జింక గంతులేసింది. దానికింకా కొమ్ములు పూర్తిగా రాలేదు గానీ నినాదాలు మాత్రం బాగా వచ్చు. చరిత్ర చక్రం తిరిగిందని, దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరని మంద మధ్యలో నిలబడి చాటింది.

మందకి పెద్ద కస్తూరి అనే ఆడజింక. వంతు ప్రకారం ఈసారి రథశాలకి వెళ్ళాల్సింది కస్తూరి కూతురు. నిషేధం మాట విని తల్లి గుండె కుదుటపడింది. పూర్తిగా మాత్రం పడలేదు.

"చక్రం తిరిగితే తిరిగింది గానీ ఎవరి మీంచి పోతుందో చూడాలి" అంది.

అక్కడ రథశాలలో వీరశార్దూలానికి నిద్ర పట్టడం లేదు. చిరుతలు లేని స్పోర్ట్స్ సెడాన్ అంటే మీసాలు లేని పులే. ఆయన భవిష్యత్తు విభాగం అధిపతి పానకాలుని పిలిపించాడు. పానకాలు ఒక ముంగిస. ఏవో పరాయి అడవుల్లో చదివొచ్చాడు. అతను బండి గురించి మాట్లాడుతుంటే బండి తప్ప అన్నీ వినపడేవి: అనుభూతి, ఆకాంక్ష, ప్రయాణం.

"గడ్డి మీద నడిచే బండి చేద్దాం సార్. చిరుతల బదులు జింకల్ని కడదాం" అన్నాడు పానకాలు.

పులి నవ్వింది. జింకలు లాగే బండిని ఏ మగాడు ఎక్కుతాడని అడిగింది.

"చిరుత జింక వెనకాల పడి అంత రొప్పుతుందెందుకు సార్? ముందున్నదే వేగం గనక."

పులి మీసం దువ్వడం ఆపింది. "అయితే ఇన్నాళ్ళూ మనం ఇంజన్‌ని తింటున్నామా?" అంది.

"ఇంధనం కింద వాడేశాం సార్" అన్నాడు పానకాలు వినయంగా.

మర్నాటికల్లా చెట్టు చెట్టుకీ బోర్డులు లేచాయి. 'నిన్న ఇంధనం, నేడు ఇంజన్. ఇదే సాధికారత' అని వాటి మీద రాసి ఉంది. పక్కనే కాడి మెడ మీద పెట్టుకుని పళ్ళికిలిస్తున్న జింక బొమ్మ. నిజానికి జింకలు అలా నవ్వవు. బొమ్మ గీసినవాడు ఏ జింకనీ బతికుండగా చూసి ఉండడు.

జింకల అభిప్రాయం తెలుసుకోవడానికి సభ పెట్టారు. నిర్ణయం అయిపోయాకే అభిప్రాయాలు అడగడం ఆ అడవి ప్రజాస్వామ్యం. అధ్యక్షుడు గజపతి అనే ఏనుగు. కస్తూరి లేచి నిలబడింది.

"మమ్మల్ని తినడం మానేస్తామన్నారు, సంతోషం. కట్టేస్తామని అప్పుడు చెప్పలేదు గదయ్యా."

"తినడం కన్నా కట్టడం నయం కదమ్మా" అన్నాడు గజపతి. ఎంతో ఓపికగా అన్నాడు.

"తినకుండా, కట్టకుండా ఉండే మూడో దారి లేదా?"

గజపతి కాగితాలు తిరగేశాడు. మూడో దారి ఎజెండాలో లేదన్నాడు.

ఆ తర్వాత షరతులు చదివారు. కస్తూరి, కెరటం, మరో రెండు జింకలు కలిసి ముందుగా ఒక బండి లాగి చూపించాలి. పరుగు బాగుంటే ప్రతి మందలోని పిల్లల్నీ రథశాలకి అప్పగించి కాడి కింద పెంచుతారు. బాగుండకపోతే నిషేధం ఎత్తేసి చిరుతల్ని తిరిగి తెస్తారు. ఇంధన వంతు మళ్ళీ మొదలవుతుంది. మొదటి వంతు కస్తూరి కూతురిది. గెలిస్తే బిడ్డ మెడకి కాడి, ఓడితే మెడకే ఎసరు. ఎటైనా ఆ చిన్న మెడే. సభ చప్పట్లు కొట్టి ముగిసింది.

ఇంతలో ఇంకో గొడవ లేచింది. ఎనిమిది చిరుతల అభిమానుల సంఘం వాళ్ళు రథశాల ముందు బైఠాయించారు. వాళ్ళలో ఆకలి తెలిసినవాడు ఒక్కడూ లేడు. అయినా నిరాహారదీక్ష అన్నారు. భోజనానికీ భోజనానికీ మధ్య చేశారు. 'గర్జన మా జన్మహక్కు' అని అరిచారు. వాళ్ళ నాయకుడు భల్లూకయ్య అనే ఎలుగుబంటి. తేనె వ్యాపారి, బరువైన మనిషి, రథశాలకి పాత ఖాతాదారు.

వీరశార్దూలం ఆయన్ని లోపలికి పిలిచి, కొత్త బండి పాతదాని కన్నా ఎంత వేగంగా పోతుందో వివరించాడు. భల్లూకయ్య ఆవలించాడు.

"వేగం ఎవడిక్కావాలండీ. నేను రోడ్డెక్కానంటే కుందేళ్ళకి కడుపులో తిప్పాలా, వద్దా? జింకల బండిలో పోతే పక్కవాడు నన్ను పలకరిస్తాడు."

పానకాలుకి సమస్య అర్థమైంది. పరిష్కారం కూడా తట్టింది. ఏడు చిరుతలకి శాలువాలు కప్పి ఇళ్ళకి పంపేశాడు. ఎనిమిదోవాడైన మచ్చల భూషణాన్ని మాత్రం ఉంచుకున్నాడు. బండి వెనక డిక్కీలో పడుకుని గర్జించడం భూషణం కొత్త ఉద్యోగం. ముందుకి గొట్టాలు పెట్టి ఆ గర్జన జింకల పక్క నుంచి బయటికొచ్చేలా ఏర్పాటు చేశారు. చూసేవాడికి జింకలే గర్జిస్తున్నట్టుంటుంది.

"మరి నా కాళ్ళండీ?" అని అడిగాడు భూషణం. అడవిలో అంతలా పరిగెత్తిన కాళ్ళు ఇంకెవరికీ లేవు.

"కాళ్ళతో పని లేదు. గొంతుకే కొలువు."

తిండి సంగతేమిటని భూషణం అడిగాడు. ఇది మాంసం వాడని బండి కాబట్టి, సిబ్బంది కూడా ఆ విలువల్ని పాటించాలని పానకాలు చెప్పాడు. భూషణానికి ఒక కట్ట పచ్చగడ్డి ఇచ్చారు. అతను దాన్ని తలగడ చేసుకున్నాడు.

గర్జన సంగతి ఆవిష్కరణ దాకా రహస్యంగా ఉంచాలని పానకాలు ఆజ్ఞ. అందరూ ఒక్కసారి ఉలిక్కిపడాలి, అదీ అనుభూతి అన్నాడు. కాబట్టి సాధన అంతా నిశ్శబ్దంగా జరిగింది. జింకలు మర్యాదస్తులు. పొమ్మంటే పోయాయి, చెయ్యెత్తితే ఆగాయి. కెరటం మాత్రం ఒకరోజు ఉండబట్టలేక అసలు రోజున ఎలా ఆపుతారని అడిగింది. పానకాలు బుట్ట వైపు గర్వంగా చూపించాడు. బండి కొత్తదైనా ఆ బుట్ట అలాగే ఉంచామని, అది రథశాల వారసత్వమని చెప్పాడు. కెరటం నోరు తెరవబోయింది. కస్తూరి దాని కాలు తొక్కింది.

ఆవిష్కరణ నాడు దారికి రెండు వైపులా జింకల మందలన్నిటినీ తోలుకొచ్చి నిలబెట్టారు. చప్పట్లకి జనం కావాలి. పిల్లలకి జెండాలిచ్చారు. కస్తూరి కూతురు ముందు వరసలో జెండా పట్టుకుని తల్లి మెడ మీది కాడినే చూస్తూ నిలబడింది.

పానకాలు వేదికెక్కి అటూ ఇటూ నడుస్తూ మాట్లాడాడు. మేం బండి అమ్మడం లేదు, రేపటిని అమ్ముతున్నామన్నాడు. తెర లాగారు. బండి తళతళలాడింది. వీరశార్దూలం స్వయంగా పగ్గాలు పట్టాడు. పక్కన పానకాలు, బుట్ట పక్కనే. వెనక సీట్లో తేనె కుండని ఒళ్ళో పెట్టుకుని భల్లూకయ్య.

బండి కదిలింది. తామరాకు మీద నీటిబొట్టులా జారిపోయింది. కుదుపు లేదు, చప్పుడు లేదు. పులి ముఖం వెలిగిపోయింది. కానీ దారి పక్కన ఒక కుందేలు క్యారెట్ కొరుకుతూ భల్లూకయ్యని చూసి చెయ్యూపింది.

"పలకరించింది చూశారా" అన్నాడు భల్లూకయ్య ఏడుపు గొంతుతో. "ఏదండీ నా గర్జన?"

పానకాలు వెనక్కి వంగి డిక్కీ గోడ మీద కొట్టాడు.

భూషణం ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఏమీ తినలేదు. పైగా ముందు నుంచి నాలుగు జింకల వాసన గాలిలో కొట్టుకొస్తోంది. ఆ గర్జన గొంతులోంచి కాక కడుపులోంచి వచ్చింది. గొట్టాల గుండా పోయి, ఇంకా పెద్దదై, సరిగ్గా జింకల చెవుల పక్కన పేలింది.

చిరుత గర్జన వినపడితే జింక ఏం చేస్తుందో అడవిలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. భవిష్యత్తు విభాగానికి తెలియలేదు.

నాలుగు జింకలూ లేచిపోయాయి. అలాంటి పరుగు ఆ రథశాల చరిత్రలో లేదు. చెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చెయ్యూపిన కుందేలు పొదలో పడింది. భల్లూకయ్య పరమానందంతో కళ్ళు మూసుకున్నాడు. ఇదీ బండంటే అని పులి అరిచింది. గర్జన విన్నకొద్దీ జింకలు పరిగెత్తాయి, జింకలు పరిగెత్తినకొద్దీ వాటి వాసనకి భూషణానికి ఆకలి పెరిగింది, ఆకలి పెరిగినకొద్దీ గర్జన పెరిగింది. తనని తానే మేపుకునే ఇంజన్ అది. పానకాలు దాన్ని కావాలని కనిపెట్టి ఉంటే బిరుదులు వచ్చేవి.

కాసేపటికి పులికి మలుపు గుర్తొచ్చింది. పొలిమేర గేటు కన్నా ముందే ఎడమకి తిరిగితే మైదానం, అక్కడ గజపతి దండ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఆపవయ్యా" అంది పులి.

పానకాలు చెయ్యెత్తాడు. చూసేవాడెవడు. అప్పుడు బుట్టలో చెయ్యి పెట్టి, రథశాల వారసత్వంలోంచి ఒక పెద్ద ముక్క తీసి ముందుకి విసిరాడు.

అది కస్తూరి ముఖం పక్క నుంచి పోయి నేల మీద పడింది. ఆ వాసన తన మందలో ఎవరిదో కస్తూరికి తెలిసింది.

అప్పటి దాకా పరిగెత్తింది భయం. అక్కడి నుంచి పరిగెత్తింది కస్తూరి.

పానకాలు ఇంకో ముక్క విసిరాడు. బండి వేగం రెట్టింపైంది. మూడోది విసరబోతే పులి అతని చెయ్యి పట్టుకుంది.

మలుపు దగ్గరపడింది. కెరటం రొప్పుతూ, "పిన్నీ, ఎడమకి తిరగాలి. గమ్యం అటు" అంది.

"ఎవరి గమ్యంరా?"

కెరటం మెడ నేరుగా పెట్టింది. దాని నినాదాలన్నిటికీ కలిపి ఎవరూ అంత చిన్న జవాబు చెప్పలేదు. నాలుగు జింకలూ నేరుగా పొలిమేర వైపు దూసుకుపోయాయి.

వెనక దారి పక్కన కస్తూరి కూతురు అదంతా చూసింది. తల్లి మలుపు తిరగలేదని చూసింది. జెండా కింద పడేసి దారి మధ్యలోకి దూకి పరుగు తీసింది. దాని వెనక ఇంకో పిల్ల. పిల్లల వెనక తల్లులు. తల్లుల వెనక మందలు మందలే. ఆపాల్సిన కావలివాళ్ళు గర్జన విన్న అలవాటు కొద్దీ అప్పటికే పక్కకి తప్పుకుని తల వంచుకుని ఉన్నారు.

పొలిమేరలో రేచుకుక్కలు గేటు బార్లా తీశాయి. బండి దాటిపోయింది. దాని వెనక దుమ్ము, దుమ్ములో జింకలు, జింకల వెనక జింకలు. వాటిలో కొత్తగా కొలువులో చేరిన కుక్కకి అనుమానం వచ్చింది.

"ఇన్ని జింకలేంటి బాబాయ్, ఆపుదామా?"

"కాన్వాయ్ రా సన్నాసీ. గర్జన వినపళ్ళేదా? తోక లేపి సలాం కొట్టు."

ఆఖరి జింక దాటేదాకా అది సలాం కొడుతూనే ఉంది. పాపం తోక లాగేసింది.

పొలిమేర అవతల గడ్డిమైదానానికి ముందు ఒక బురద గుంట ఉంది. జింకలు దూకాయి. బండి దూకలేదు. కాడి విరిగింది, మోకులు తెగాయి, సెడాన్ నాలుగు తలుపులూ నాలుగు వైపులా తెరుచుకుని బురదలో కూర్చుంది. పులి మీసాల మీంచి బురద కారింది. పానకాలు చేతిలో ఖాళీ బుట్ట మిగిలింది. భల్లూకయ్య నెత్తిన తేనె కుండ టోపీలా దిగబడింది. డిక్కీలోంచి భూషణం సన్నగా, ఇంకా గర్జించాలా సార్ అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి ఉద్యోగం పోతుందేమోనని అతను గర్జిస్తూనే ఉన్నాడు.

భల్లూకయ్య కుండ తీసి, మూతి నాక్కుని, చుట్టూ చూశాడు.

"నాకు రెండు రాయండి. మా బావమరిది చూస్తే చచ్చిపోవాలి."

అడవిలో ఆ పరుగు గురించి తప్ప ఇంకో మాట లేదు. అంత వేగం ఎవరూ చూడలేదు, అంత గర్జన ఎవరూ వినలేదు. ఎక్కినవాళ్ళు ఎక్కడ దిగారన్నది ఎవరూ అడగలేదు. సభ రథశాలకి పురస్కారం ప్రకటించింది. కొత్త స్పోర్ట్స్ సెడాన్ కోసం కొనేవాళ్ళు రథశాల గుమ్మం దగ్గర బారులు తీరారు.

ఒక్కటే చిక్కు. అడవిలో జింకలు లేవు. ఇంజన్ లేదు. పాత బండ్లకి పోదామంటే ఇంధనమూ లేదు. రెండూ ఒకే గేటు గుండా ఒకే రోజు సలాం అందుకుని వెళ్ళిపోయాయి.

పానకాలు బెదరలేదు. కదలని స్పోర్ట్స్ సెడాన్ విడుదల చేశాడు. నాలుగు తలుపులు, తోలు సీట్లు, డిక్కీలో చిరుత. కొన్నవాళ్ళు దాన్ని వాకిట్లో పెట్టించుకుని, సాయంత్రం పూట కుటుంబంతో ఎక్కి కూర్చుని గర్జన వేయించుకునేవారు. దారిన పోయేవాళ్ళు అలవాటు కొద్దీ తప్పుకునేవారు. ఇంత సుఖమైన ప్రయాణం ఎన్నడూ ఎరగమని అందరూ మెచ్చుకున్నారు.

పులి ఆకలేసినా గడ్డి మేయదంటారు. ఆ మాట అన్నవాళ్ళు ఖాళీ వంటింట్లో పులిని చూసి ఉండరు. వీరశార్దూలం తలుపులు బిగించుకుని మేశాడు. పట్టుబడ్డాక, సంస్థ విలువల్ని ముందు తానే పాటిస్తున్నానని ప్రకటన ఇచ్చాడు.

అవతల గడ్డిమైదానంలో కెరటం ఒక పుట్ట ఎక్కింది. మందలన్నీ మేస్తున్నాయి. ఇలాంటి చారిత్రక ఘడియలో ఎవరో ఒకరు మాట్లాడకపోతే బాగోదని దానికి అనిపించింది. గొంతు సవరించుకుని, "లాగేవాడిదే బండి" అని నినదించింది.

కస్తూరి తన కూతురి మెడ నాకడం ఆపి తలెత్తింది.

"బండి మనకెందుకురా?"

కెరటం ఆలోచించింది. పుట్ట దిగి మేత మొదలెట్టింది.

ఇంత చదివాక నీతి కూడా కావాలనే యజమానులకి ఒక సలహా: బండికి అన్నిటికన్నా నమ్మకమైన బ్రేకు ఏమిటంటే, లాగేవాళ్ళకి ఇంకో దారి ఉందని తెలియనివ్వకపోవడం.